బలము తెలిసిన తరువాత

గత వేసవి సెలవులలో మా మనుమడు హైదరాబాదునుండి వాడపల్లికి వచ్చినాడు. తొమ్మిదేండ్లవాడు. ఒకనాటి సాయంకాలము కృష్ణలో మూసి కలియు చోట మెట్లమీద నా ప్రక్కన కూర్చుండి, ఎదుట రెండు నదులున్నను చూడక, చేతిలోని ఫోనులో సముద్రము దాటుచున్న హనుమంతుని చూచుచున్నాడు. కొంతసేపటికి తల యెత్తి, "తాతా, హనుమంతునికి తన బలమంతా యాదికొచ్చింది గదా! ఇంక ఆయనను ఎవరు కొడుతరు? ఎవరూ కొట్టలేనప్పుడు ఇంకో పదమూడు భాగాలు ఎందుకు తీసిన్రు?" అని అడిగినాడు.

ముప్పది యేండ్లుగా కళాశాలలో కావ్యపాఠము చెప్పుచున్నవాడను. నాయకుని బలము సంపూర్ణమైన తరువాత కథకు మిగిలెడిదేమి అను ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన విద్యార్థి నాకింతవరకు తటస్థపడలేదు. పిల్లవానికి ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోయినాను. ఆ చిత్రమాలికను మొదటినుండి చూచి, వాల్మీకి సుందరకాండను మరల చదివి, నాలో నేను చెప్పుకొన్న సమాధానమును పాఠకుల ముందుంచుచున్నాను.

మరపు కథ, మెలకువ కథ

"ది లెజెండ్ ఆఫ్ హనుమాన్" అను ఈ యానిమేషన్ చిత్రమాలికను శరద్ దేవరాజన్, జీవన్ జె. కాంగ్, చారువి పి. సింఘాల్ అనువారు రూపొందించినారు. 2021 జనవరి 29వ తేదీన డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో మొదటి సీజన్ వచ్చినది. ఆ వేదికకే ఇప్పుడు జియోహాట్‌స్టార్ అని పేరు. హిందీతోపాటు తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము, మరాఠీ, బెంగాలీ - మొత్తము ఏడు భాషలలో దానిని వినిపించినారు. ఆ సంవత్సరమే రెండవ సీజన్ కూడ వెలువడినది. ఒక్కొక్క సీజన్‌కు పదమూడు భాగములు. ఒక్కొక్క భాగము అరగంటకు లోపు. ఆదరణ తగ్గకపోవుటచే 2025 నాటికి ఇవి ఆరు సీజన్లయినవి. నేను ఇక్కడ మాటాడబోవునది రెండవ దానిని గురించి మాత్రమే. ఏలయన, కథకు అసలైన పరీక్ష అందులోనే యున్నది.

మొదటి సీజన్‌కు ప్రాణము మరపు. తన బలమును తాను మరచిన వీరుడు దానిని ఎట్లు తెలిసికొన్నాడన్నదే అందలి కథ. ఈ మరపు సంగతి వాల్మీకి రామాయణములో ఉత్తరకాండలో వచ్చును. బాలహనుమంతుని అల్లరికి విసిగిన మునులు, ఇతరులు గుర్తుచేయువరకు నీ బలము నీకు తెలియకుండుగాక అని శపించినారు. ఈ వృత్తాంతమును శ్రీరామునికి చెప్పినవాడు అగస్త్యుడు. మా వాడపల్లివారికి అగస్త్యుడు దూరపువాడు కాడు. సంగమమువద్దనున్న శివాలయము అగస్త్యేశ్వరునిది. ఆ ముని ప్రతిష్ఠయే అని స్థలపురాణము. కనుక ఈ కథ ఎక్కడో ముంబయిలో పుట్టి ఫోనులో మా ఊరికి వచ్చినది కాదని, మా ఊరి దేవునికి పేరిచ్చిన మునియే మొదట చెప్పినదని మనుమనికి చెప్పి కొంత సంతోషించినాను.

మరపు మంచి కథావస్తువు. నాయకునికి లోటున్నంతకాలము ప్రేక్షకునికి ఆతురత యుండును. కిష్కింధాకాండ చివర జాంబవంతుడు గుర్తుచేయగానే ఆ లోటు తీరిపోయినది. రెండవ సీజన్ ఆరంభమగునప్పటికి హనుమంతుడు ఏమి చేయగలడో అతనికి తెలియును, మనకు తెలియును. మా మనుమని ప్రశ్న అక్కడనే పుట్టినది.

మెచ్చదగినవి

మొదట గుణములను చెప్పుట న్యాయము.

ఈ సీజన్‌లోని మొదటి గుణము పరిమాణమును చూపించుటలోని నేర్పు. సుందరకాండలో హనుమంతుని శరీరము ఒక కొలతలో నిలువదు. సముద్రముమీద పర్వతమంత పెరుగును. సురస నోటిలో బొటనవ్రేలంత యగును. లంకలో ప్రవేశించునపుడు పిల్లియంత యగును. రంగస్థలముమీద మనిషి వేషము కట్టి దీనిని చూపుట అసాధ్యము. 1971లో వచ్చిన బాపుగారి "సంపూర్ణ రామాయణము"లో అర్జా జనార్దనరావుగారు హనుమంతుడుగా కన్నులకు కట్టినారు. కాని మనిషి ఎంత వస్తాదైనను మనిషియే. యానిమేషన్‌కు ఆ బంధనము లేదు. సముద్రము నల్లగా క్రింద పరచుకొనియుండగా పైన ఒక్క ప్రాణి చిన్న వెలుగువలె సాగిపోవుటయు, మరుక్షణమున ఆ ప్రాణియే ఆకాశమంత యగుటయు చూచినపుడు, వాల్మీకి ఆ లంఘనమునకు ఒక దీర్ఘసర్గను పూర్తిగా ఎందుకు వెచ్చించినాడో పిల్లలకు సైతము బోధపడును.

రెండవ గుణము గాంభీర్యము. 2005లో వచ్చిన "హనుమాన్" యానిమేషన్ చిత్రము పిల్లలను బాగుగా ఆకర్షించినది. దానికి తరువాయిగా 2007లో వచ్చిన "రిటర్న్ ఆఫ్ హనుమాన్" ఆ దేవుని నేటి బడిపిల్లవానిగా మార్చి నవ్వులాటకు దింపినది. ఈ చిత్రమాలిక ఆ త్రోవ త్రొక్కలేదు. పిల్లలు చూతురని కథను పలుచన చేయలేదు. రావణుని హాస్యగానిగా చేయలేదు. అతడు ప్రవేశించిన సన్నివేశములో బరువున్నది. హిందీ మూలములో కథ చెప్పు కంఠమును, రావణుని కంఠమును శరద్ కేల్కర్ గారివే. తెలుగువారి బాహుబలికి హిందీలో గొంతునిచ్చినది ఈయనే. ఆ మంద్రస్వరము లంకాధిపతికి తగినది.

మూడవది లంక. రాక్షసపురమనగానే ఎముకలు, చీకటి, గుహలు చిత్రించుట సులభము. వాల్మీకి లంక అట్టిది కాదు. అది వెన్నెలలో మెరయు మేడలు, సంగీతము, వేదఘోష కలిగిన నగరము. దాని సౌందర్యమును చూచి హనుమంతుడే ఆశ్చర్యపడినాడు. చిత్రకారులు ఆ వైభవమును వదలుకొనలేదు. కాలిపోవు నగరము అందమైనదైననే కాల్చుట అనునది గొప్ప సంఘటన యగును.

కొరతలు

ఇక కొరతలు. మా మనుమడు పట్టుకొన్నదే వానిలో పెద్దది. ఓటమి సాధ్యము కాని యుద్ధము ఎంత భయంకరముగా చిత్రించినను రెండవసారికి పాతబడును. ఒక రాక్షసుడు వచ్చును, గర్జించును, దెబ్బలు తగులును, చివరకు కూలును. ఇంకొకడు వచ్చును, ఇంకను పెద్దవాడు. ఎత్తు మారును, రంగు మారును, వరుస మారదు. ప్రేక్షకుని గుండె వేగము తగ్గుకొలదియు చిత్రములోని కదలిక వేగము పెంచుచు పోయినారనిపించును.

రెండవ కొరత, చిత్రము చూపిన దానినే వ్యాఖ్యాత మరల చెప్పుట. బొమ్మ ముఖములో దుఃఖము కనబడుచున్నపుడు దుఃఖించినాడని కంఠము చెప్పనక్కరలేదు. ముఖము చాలదని రూపకర్తలే అనుమానించినారేమో యని తోచును. ఆ అనుమానము కొంత నిజమే. నీటిని, నిప్పును, సేనలను కల్పించుటలో కంప్యూటరుకు ఇప్పుడు మంచి నైపుణ్యము కలదు. చిరుదుఃఖమును, సంశయమును, మనసు మార్చుకొను క్షణమును ముఖముపై నిలుపుట ఇంకను కష్టమే. కదలిక వేగముగా నున్నపుడు లోపము కంటికి అందదు, నిలిచినపుడే బయటపడును.

మూడవది తెలుగు కంఠముల సంగతి. పెదవుల కదలిక వేరొక భాషకు కూర్చినది. తెలుగు మాట అజంతము, సాగును. దానిని ఆ పొట్టి కదలికలలో ఇమిడ్చుటకు అనువాదకులు పడిన శ్రమ వినబడుచునే యున్నది. ఇతర పాత్రలకు ఇది చిన్నదోషము. హనుమంతునికి చిన్నది కాదు. ఇతడు మనకు నవవ్యాకరణ పండితుడు. ఋశ్యమూకముకడ మొదటి పలుకులు వినిన శ్రీరాముడు, ఇంతసేపు మాటాడినను ఒక్క అపశబ్దము దొరలలేదని మెచ్చుకొన్నది ఇతనినే. బాహువులంత శ్రద్ధగా ఇతని వాక్కును చిత్రించవలసి యుండెను.

వాల్మీకి లెక్క

పై కొరతలన్నిటికి మూలమొక్కటే. అది తెలియుటకు సుందరకాండను ఒకసారి లెక్కవేసి చూడవలెను.

మన ప్రాంతమున పారాయణలో నున్న పాఠములో సుందరకాండకు 68 సర్గలు. వనభంగముతో మొదలై కింకరులు, జంబుమాలి, మంత్రిపుత్రులు, సేనాపతులు, అక్షకుమారుడు, చివరకు ఇంద్రజిత్తు - ఈ యుద్ధమంతయు 41వ సర్గనుండి 48వ సర్గవరకు ముగిసినది. అనగా ఎనిమిది సర్గలు. మిగిలిన అరువదింటిలో హనుమంతుడేమి చేసినాడు? వెదకినాడు, పొరబడినాడు, నిరాశపడినాడు, ఆలోచించినాడు, మాటాడినాడు, పశ్చాత్తాపపడినాడు, తిరిగి వచ్చి చెప్పినాడు.

బలము తెలిసిన వీరునికి ఏమి మిగిలెనన్న ప్రశ్నకు వాల్మీకి సమాధానము ఈ లెక్కలోనే యున్నది. సముద్రము దాటుటకు బలము చాలినది. ఆవలి ఒడ్డున కాలు మోపిన పిదప ఒక్క పనికిని బలము చాలలేదు. ఎన్నడును చూడని స్త్రీని, వేలకొలది స్త్రీలున్న పురములో, రాత్రివేళ గుర్తుపట్టుటకు బలమేమి చేయును? మండోదరిని చూచి సీత యనుకొని హనుమంతుడు స్తంభములెక్కి, తోకను ముద్దాడి, కోతి సంబరమంతయు చేసినాడు. మరునిమిషమున, రాముని యెడబాసిన సీత ఇట్లు నిద్రించునా అని తన తెలివితక్కువకు తానే నొచ్చుకొన్నాడు. మహావీరుడు ఇంతగా పొరబడి, పొరపాటును తానే దిద్దుకొన్న ఘట్టము మన కావ్యములలో అరుదు. తరువాత ఎక్కడను కానరాక, వట్టిచేతులతో పోయినచో రాముడు బ్రతుకడు, లక్ష్మణుడు బ్రతుకడు, అయోధ్యలో తల్లులు బ్రతుకరు అని వరుసగా తలచుకొని, తిరిగి పోకుండ ఇక్కడనే ప్రాణములు విడుతునా అనువరకు వచ్చినాడు. నూరు యోజనములు దాటినవాడు ఒక తోటగోడమీద కూర్చుండి నిలువునా కుంగిపోయినాడు.

తరువాతి చిక్కు ఇంకను సూక్ష్మమైనది. సీత కనబడినది, ఏ భాషలో పలుకరించవలెను? పండితునివలె సంస్కృతములో మాటాడినచో, మాయావి రావణుడే కోతిరూపున వచ్చినాడని ఆమె హడలిపోవును. ఆమె కేక వేసినచో కాపలావారు మేల్కొందురు, పోరు మొదలగును, కార్యము చెడును. ఈ తర్కమంతయు 30వ సర్గలో కలదు. చివరకు మనుష్యభాషలో, మెల్లగా, శింశుపావృక్షము కొమ్మలనుండి రామకథ చెప్పుట మొదలుపెట్టినాడు. లంకలో హనుమంతుని మొదటి ఆయుధము గద కాదు, కథ. అయినను ఆమె వెంటనే నమ్మలేదు. ఉంగరము చేతికిచ్చువరకు ఆ నమ్మకము ఒక్కొక్క మాటగా కట్టవలసి వచ్చినది.

నమ్మిన పిమ్మట హనుమంతుడు తన బలమును ఆమెకు సమర్పించినాడు: తల్లీ, నా వీపుమీద కూర్చుండుము, ఇప్పుడే రామునికడకు చేర్చెదను అన్నాడు. ఈ చిన్నకోతి ఎట్లు మోయునని ఆమె అనుమానించగా పర్వతమంత రూపము చూపినాడు. ఆమె చూచినది, నమ్మినది, వలదన్నది. నడుమ పడిపోవుదునేమో యన్నది. బుద్ధిపూర్వకముగా పరపురుషుని తాకననినది. రావణుని గెలిచి తీసికొనిపోవుటయే రామునికి తగిన పని యన్నది. ఈ సన్నివేశమునే నేను మా మనుమనికి ముందు చెప్పవలసియుండెను. హనుమంతుని బలము సాటిలేనిదని నిరూపించబడిన క్షణముననే అది అక్కరలేదని ఒక నిస్సహాయురాలు చెప్పినది. ఆ మహాబలుడు తల వంచినాడు. లంకలో హనుమంతుని నిలువరించినవారు రాక్షసులు కారు, సీత.

లంకాదహనము పిదపటి మాట కూడ ఉన్నది. నగరము మండుచుండగా హనుమంతునికి విజయగర్వము కలుగలేదు; చటుక్కున, సీత కూడ కాలిపోయినదేమో యన్న భయము పుట్టినది. కోపము వచ్చినవాడు చేయని పాపముండునా అని తన్ను తాను తిట్టుకొన్నాడు. ఆమె క్షేమమని చారణుల మాటవలన తెలిసినదాక అతనికి ఊపిరాడలేదు. 55వ సర్గ ఈ పశ్చాత్తాపమునకే వెచ్చించినాడు కవి. తన బలమును చూచి తానే భయపడుట - ఇది మరపు కాలములో సాధ్యము కాదు. బలము తెలిసిన తరువాతనే సాధ్యము.

చిత్రమాలికలోని తూకము దీనికి తలక్రిందులు. మూలములో ఎనిమిది సర్గలకు మించని పోరునకు చిత్రములో సింహభాగము దక్కినది. సంశయమునకు, సంభాషణకు, పశ్చాత్తాపమునకు దక్కవలసినంత చోటు దక్కలేదు. యుద్ధము బాగుగ లేదని నా ఫిర్యాదు కాదు. అది దేనికొరకు జరుగుచున్నదో ఆ మాట యుద్ధపు రొదలో వినబడుట లేదని.

ఎందువలన?

దీనికి రూపకర్తలను మాత్రమే నిందించుట తగదు. కారణములు స్పష్టముగ నున్నవి. శరద్ దేవరాజన్, జీవన్ కాంగ్ గారలు చిత్రకథల రంగమునుండి వచ్చినవారు. 2004లో స్పైడర్‌మాన్‌ను భారతీయునిగా చేసి బొమ్మలకథగా వెలువరించినవారిలో ముఖ్యులు. ఆ కళలో దెబ్బ ఒక పుటయంతయు ఆక్రమించును. ఆలోచన మూలనొక చిన్న బుడగలో ఇమిడిపోవును. ఇదిగాక, ఏడు భాషలలో వినిపించవలసిన చిత్రములో పిడికిలికి అనువాదము అక్కరలేదు. సంశయమునకు అక్కర. సీతతో ఏ భాషలో మాటాడుదునని తర్కించు సర్గను ఏడు భాషలలోనికి తెచ్చుట, ఏడుగురు రాక్షసులను కూల్చుటకంటె కష్టము.

అయినను కష్టమన్నది అసాధ్యము కాదు. నా బాల్యములో మా మేనమామల ఊరికి తోలుబొమ్మలాటవారు వచ్చెడివారు. పంచెలు కుట్టిన తెర, వెనుక దీపము, మేకతోలుపై రంగులద్దిన హనుమంతుడు. వారికిని ఇదే కథ, ఇదే లంకాదహనము. పెద్ద హనుమంతునికి ఒక బొమ్మ, చిన్న హనుమంతునికి వేరొక బొమ్మ. ఆ బొమ్మ ముఖము మారదు, కనురెప్ప కదలదు. ఐనను సీతతో మాటాడు ఘట్టము వచ్చినప్పుడు ఆటగాడు బొమ్మను దాదాపు నిలిపివేసి, తాను పాడెడివాడు. మా అమ్మమ్మ కన్నీరు తుడుచుకొన్నది అక్కడనే గాని యుద్ధములో కాదు. యుద్ధములో కేతిగాడు, బంగారక్క దూరి నవ్వించిపోయెడివారు. రంగనాథ రామాయణ ద్విపద వారికి కంఠస్థము. కదలని ముఖమునకు కంఠము ప్రాణము పోయగలదని వారికి తెలియును. అనంతపురము ప్రాంతపు నిమ్మలకుంటలో ఈ విద్య నేటికిని నిలిచియున్నది; అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది.

ఆ ఆటలో లోపములు లేవని కాదు. తెల్లవార్లు సాగెడిది, సగము జనము సగము కథకే నిద్రపోయెడివారు. సముద్రలంఘనము నేటి చిత్రములోవలె ఒడలు పులకరింపజేసినదని చెప్పలేను. నేను కోరునది ఒకదానిని వదలి ఇంకొకదానికి పొమ్మని కాదు. ఆకాశమునకెత్తిన ఈ కొత్త హనుమంతుని తోటగోడమీద కాసేపు కూర్చుండనిచ్చినచో చాలును.

చిత్రము చూచిన పిల్లలకు హనుమంతుడనగా ఈ రూపమే మనసులో నిలుచును. మా తరమునకు ఎం.ఎస్. రామారావుగారి సుందరకాండ గానము నిలిచినట్లు, ముందటి తరమువారికి మొల్ల పద్యములు నిలిచినట్లు, వీరికి ఇది. కనుక బలమన్న మాటకు వారు ఏ అర్థము నేర్చుకొందురన్నది చిన్న విషయము కాదు.

మనుమడు తిరిగి పోవు ముందురోజు వానిని లక్ష్మీనరసింహస్వామి గుడికి తీసికొనిపోయినాను. గర్భాలయములో రెండు దీపములుండును. స్వామి ముక్కు ఎత్తున నున్నది అల్లాడుచుండును. క్రింద నున్నది నిశ్చలముగా నుండును. మీదిది స్వామి ఊపిరికి కదలునని అర్చకులు చూపుదురు. వాడు చాలసేపు చూచి, "రెండూ ఊగితే దేవుని ఊపిరి అని తెలిసేది కాదు గదా, తాతా" అన్నాడు. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుండి, వీపుమీద ఎక్కనని సీతమ్మ చెప్పిన మాటను, హనుమంతుడు తల వంచిన సంగతిని వానికి చెప్పినాను. ఫోను జేబులోనే యున్నది. కథ ముగియగానే, "అట్లయితే ఆమె వద్దన్నప్పుడు హనుమంతునికి కోపం రాలేదా?" అని అడిగినాడు.

రాలేదని చెప్పినాను. ఎందుకు రాలేదో వచ్చే సెలవులలో చెప్పుదునన్నాను.